ప్రైవేటు పార్కింగ్ ‘ఫైన్’: భయం వద్దు, కొట్లాట వద్దు, కాగితం అడుగుదాం

(చందూర్‌లో జరిగిన పౌర హక్కుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువులు, ఉద్యోగాలు, వక్ఫ్ ఆస్తులు వంటి పెద్ద సమస్యలు ఉండగా, బండి నిలిపే చోటు గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు ముందుగానే సమాధానం చెబుతాము. చందూర్, వర్ని, బోధన్ పరిసరాల వాళ్ళం ఏ పెద్ద పని పడినా నిజామాబాద్‌కు పోవలసిందే. ఆసుపత్రికి, కలెక్టరేట్‌కు, కోర్టుకు, రైల్వే స్టేషన్‌కు, పెళ్ళి బట్టలకు అక్కడికే పోతాము. గల్ఫ్‌కు పోయే కొడుకును సాగనంపడానికి శంషాబాద్ దాకా పోతాము. పోయిన ప్రతిచోటా చేతిలో టోకెన్ల కట్టతో ఒక మనిషి నిలబడి ఉంటాడు. పది, ఇరవై రూపాయలు అడిగితే ఇచ్చి వస్తాము. అంతవరకు చిక్కు లేదు. చిక్కు తిరిగి వచ్చేటప్పుడు మొదలవుతుంది. “టోకెన్ పోయిందా? అయితే మూడు వందలు ఫైన్.” “టైం దాటింది, ఫైన్.” “గీత దాటి పెట్టావు, చక్రానికి తాళం వేశాం, ఫైన్ కడితేనే తీస్తాం.” ఈ మాటలు వినని కుటుంబం ఈ సభలో ఉండదేమో.

అలాంటి సమయంలో మన వాళ్ళు రెండు రకాలుగా ప్రవర్తించడం మేము ఏళ్ళ తరబడి చూస్తున్నాము. కొందరు తల వంచుకొని అడిగినంత ఇచ్చి, ఇంటికి వచ్చి బాధపడతారు. కొందరు అక్కడే గొంతు పెంచుతారు. చినికి చినికి గాలివాన అయినట్లు, ఆ మాటామాటా పెరుగుతుంది. మొదట గొడవ డబ్బు గురించి ఉంటుంది. కాసేపటికి కుర్రవాడి గొంతు గురించి అవుతుంది. ఆ తరువాత అతని పేరు గురించి, నెత్తిమీది టోపీ గురించి అవుతుంది. పోలీస్ స్టేషన్ చేరే సరికి మూడు వందల రూపాయల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎవరు ఎవరిని నెట్టారన్నదే కేసు అవుతుంది. అడగవలసిన హక్కు అతనిదే అయినా, జవాబు చెప్పుకోవలసిన వాడు అతనే అవుతాడు. పార్కింగ్ గురించి మాట్లాడటానికి మాకున్న అసలు కారణం ఇదే.

మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాము. ఒక సోదరుడు భార్యను కాన్పు కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. హడావిడిలో టోకెన్ చీటీ ఎక్కడో పడిపోయింది. రాత్రి మందులు తేవడానికి బండి తీస్తే గేటు దగ్గర ఆపి మూడు వందలు అడిగారు. వెంట ఉన్న బావమరిది చేయి ఎత్తాడు. ఆ ఇద్దరూ అర్ధరాత్రి దాకా స్టేషన్‌లో కూర్చున్నారు. మందులు వేరే వాళ్ళు తెచ్చి ఇచ్చారు. బండి ఆర్సీ, లైసెన్సు ఇద్దరి జేబుల్లోనూ ఉన్నాయి. అవి చూపించి, పేరు రాసి, సంతకం పెట్టి, “రసీదు ఇవ్వండి” అని అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే పని అది.

ఇప్పుడు విషయంలోకి వద్దాము. మన ముందుకు వచ్చే ‘ఫైన్’ ఎవరిదో మొదట గుర్తు పట్టాలి. ఇవి మూడు రకాలు.

మొదటిది ప్రభుత్వానిది. రోడ్డు మీద అడ్డంగా నిలిపిన బండికి ట్రాఫిక్ పోలీసులు వేసే చలాన్ మోటారు వాహనాల చట్టం కింద వస్తుంది. అది నిజమైన జరిమానా. దానిపై చలాన్ నంబరు, బండి నంబరు, స్థలం, తేదీ ఉంటాయి. పోలీసుల అధికారిక ఈ-చలాన్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. న్యాయమైనదైతే కట్టాలి, కాకపోతే అభ్యంతరం తెలపాలి. ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాము. ‘మీ బండికి చలాన్ ఉంది, ఈ లింకు నొక్కండి’ అని వాట్సాప్‌లో వచ్చే సందేశాన్ని నమ్మి ఏ ఫైలునూ ఫోన్‌లోకి దించుకోకండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

రెండవది ప్రభుత్వ స్థలంలో కాంట్రాక్టరు వసూలు చేసేది. రైల్వే స్టేషన్, బస్టాండు, మున్సిపల్ స్థలాలు ఈ కోవలోకి వస్తాయి. మన అంగడిలో తైబజారు వసూలు ఎలా ఉంటుందో మీకు తెలుసు. వేలం పాడినవాడికి వసూలు చేసే హక్కు వస్తుంది, రేటు పెంచే హక్కు రాదు. పార్కింగూ అంతే. ఒప్పందంలో రాసిన రేటే అడగాలి, ఆ రేటు బోర్డు మీద కనిపించాలి, ఇచ్చిన డబ్బుకు చీటీ ఇవ్వాలి. రైల్వే స్టేషన్‌లో ఎక్కువ అడిగితే 139కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మూడవది పూర్తిగా ప్రైవేటు స్థలం. మాల్, సినిమా హాలు, ఆసుపత్రి, షాపింగ్ కాంప్లెక్స్, ఫంక్షన్ హాలు ఇందులోకి వస్తాయి. మన గందరగోళమంతా ఇక్కడే ఉంది. అందుకే ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి: రుసుము వేరు, జరిమానా వేరు. జరిమానా వేసే అధికారం చట్టం ఇచ్చిన వారికే ఉంటుంది. ప్రైవేటు యజమానికి తన స్థలం వాడుకున్నందుకు రుసుము అడిగే వీలు ఉండవచ్చు, అదీ చట్టం పెట్టిన హద్దుల్లోనే. అది ఇద్దరి మధ్య ఒప్పందం. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ‘ఫైన్’ అని రాసినంత మాత్రాన అది సర్కారు జరిమానా అయిపోదు.

మరి ‘టోకెన్ పోతే 500’ అని బోర్డు మీద ముందే రాసి ఉంటే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ దీనికి సమాధానం చెబుతుంది. ఒప్పందం తప్పినందుకు ఇంత మొత్తమని ముందే రాసుకున్నా, అవతలివారికి దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి అవుతుంది, అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను వినియోగదారుడిపై మోపే ఒప్పందాన్ని అది ‘అన్యాయమైన ఒప్పందం’గా గుర్తించింది. చేసిన సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని ‘అనుచిత వ్యాపార పద్ధతి’ కింద చేర్చింది.

న్యాయం రెండు వైపులా చూడాలి. టోకెన్ పోగొట్టుకోవడం మన అజాగ్రత్తే. బండి దొంగ చేతికి పోకూడదని గార్డు ఆరా తీయడం తప్పు కాదు. ఆర్సీ చూపమనడం, సంతకం తీసుకోవడం, ఆ రోజు మొత్తానికి అయ్యే రుసుము అడగడం సమంజసమే. ఇవ్వవలసింది ఇద్దాము. ఇరవై రూపాయల చోటికి ఐదు వందలు అడిగితే మాత్రం అది పరిహారం కిందికి రాదు.

మాల్స్ విషయంలో మన రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పురపాలక శాఖ 2018 మార్చి 20న జారీ చేసిన జీవో నంబరు 63 అది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో మొదటి 30 నిమిషాలకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు. 30 నిమిషాల నుండి గంట దాకా, అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే రుసుము లేదు. గంట దాటితే, పార్కింగ్ రుసుముకన్నా ఎక్కువ మొత్తం బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ చూపిస్తే రుసుము లేదు. హైదరాబాద్‌లో పౌరులు పార్కింగ్ చీటీ ఫోటోతో ఫిర్యాదు చేస్తే, జీహెచ్ఎంసీ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం వసూలు చేసిన వారికే 50,000 రూపాయల జరిమానా వేసిన సందర్భాలున్నాయి. ఇరవై, ముప్పై రూపాయల చీటీని ఒక మనిషి జాగ్రత్తగా దాచుకున్నందువల్ల జరిగిన పని అది. 2021 జులైలో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు మాత్రం రుసుము తీసుకునే వెసులుబాటు ఇచ్చారు. అందుచేత మాల్‌కు ఒక నియమం, పాత సినిమా హాలుకు మరొక నియమం ఉన్నాయని గమనించండి.

యజమాని ఉచితంగా ఎందుకు ఇవ్వాలని యువకులు అడుగుతారు. భవన నిర్మాణ నియమాల ప్రకారం ఇంత విస్తీర్ణపు వాణిజ్య భవనానికి ఇంత పార్కింగ్ స్థలం చూపిస్తేనే అనుమతి వస్తుంది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో నంబరు 168లో ఆ లెక్కలు ఉన్నాయి. అంటే వచ్చే కొనుగోలుదారుల కోసమే ఆ స్థలం చూపించి అనుమతి తెచ్చుకున్నారన్నమాట.

మరొక బోర్డు ప్రతిచోటా కనిపిస్తుంది: ‘వాహనాలకు యజమానులే బాధ్యులు’. డబ్బు తీసుకుంటారు, బాధ్యత తీసుకోరు. దీనిపై సుప్రీం కోర్టు 2019 నవంబరు 14న తాజ్ మహల్ హోటల్ కేసులో తీర్పు చెప్పింది. 1998లో ఢిల్లీలో ఆ హోటల్‌కు వచ్చిన అతిథి తాళం చెవి సిబ్బందికి ఇచ్చి కారు అప్పగించాడు, కారు దొంగతనమైంది. తాళం తీసుకొని వాహనాన్ని తమ అధీనంలో పెట్టుకున్న తరువాత, తమ నిర్లక్ష్యానికి ‘యజమానిదే బాధ్యత’ అనే మాట రక్ష కాదని కోర్టు అన్నది. మన భాషలో చెప్పాలంటే అది అమానత్. అమానత్ పుచ్చుకున్నవాడు జవాబుదారీ వహించాలి.

ఇక గేటు దగ్గర ఏం చేయాలో వరుసగా చెబుతాము.

బండి పెట్టగానే రేటు బోర్డును, టోకెన్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. టోకెన్ పోయినా ఫోటో మిగులుతుంది. సగం గొడవలు ఈ ఒక్క అలవాటుతో ఆగిపోతాయి.

ఫైన్ అడిగితే గొంతు పెంచకుండా మూడు ప్రశ్నలు వేయండి. “ఈ రేటు ఎక్కడ రాసి ఉంది? రసీదు మీద ఎవరి పేరు ఉంటుంది? మీ మేనేజరు ఎవరు?” గార్డును తిట్టవద్దు. అతను నెల జీతానికి నిలబడిన పేదవాడు, అతని వెనుక ఉన్న కాంట్రాక్టరుతోనే మన పని.

రోగి లోపల ఉన్నా, రైలుకు టైం అవుతున్నా వాదన వద్దు. చెల్లించి బయటపడండి, కానీ నగదుగా ఇవ్వకండి. ఫోన్ ద్వారా చెల్లిస్తే ఎవరి ఖాతాకు ఎంత పోయిందో తేదీ, సమయంతో సహా నిలుస్తుంది. రసీదు వెనుక ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని రాసి ఫోటో తీయండి. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదు.

చక్రానికి తాళం వేసినా, దారికి అడ్డం నిలబడి కదలనీయకపోయినా, మీరు చేయి చేసుకోవద్దు, తాళం పగలగొట్టవద్దు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. రోడ్డు మీది వాహనాన్ని తీయించే అధికారం మోటారు వాహనాల చట్టం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. ప్రైవేటు గార్డుకు ఆ అధికారం లేదు. మనిషిని పోనీయకుండా అక్రమంగా అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. ముందుగా ఫోన్ చేసింది మీరే అయితే, పోలీసులు వచ్చినప్పుడు ఫిర్యాదుదారులూ మీరే అవుతారు. చేయి ఎత్తితే ఆ స్థానం తారుమారవుతుంది. యువకులు ఈ మాట మరువవద్దు.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన వాళ్ళం గనుక ఈ ఒక్క సంగతి అనుభవంతో చెప్పగలము: నోటి మాటకు నంబరు ఉండదు, కాగితానికి ఉంటుంది. ఆ సంస్థ మేనేజరుకు ఒక ఉత్తరం రాయండి. పెద్ద భాష అవసరం లేదు. ఈ మాత్రం చాలు:

“ఫలానా తేదీన ఫలానా సమయంలో ఈ నంబరు గల నా వాహనాన్ని మీ స్థలంలో నిలిపాను. మీ సిబ్బంది జరిమానా పేరుతో ఇంత మొత్తం వసూలు చేశారు. ఏ నియమం ప్రకారం, ఎవరి అనుమతితో వసూలు చేశారో రాతపూర్వకంగా తెలపండి. సమంజసమైన రుసుము పోను మిగిలిన మొత్తాన్ని 15 రోజుల్లోగా తిరిగి చెల్లించండి. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. టోకెన్, రసీదు నకళ్ళు జతపరిచాను.”

దీన్ని స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకొని నకళ్ళే పంపండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే తీరుతాయి. ఉత్తరం రాయగలిగిన మనిషి కమిషన్‌కూ వెళ్ళగలడని అవతలివారికి అర్థమవుతుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ ఫలించకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. 2019 చట్టం మనకు చేసిన పెద్ద మేలు ఒకటుంది: ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. హైదరాబాద్‌లోని మాల్‌లో జరిగిన అన్యాయంపై చందూర్ మనిషి నిజామాబాద్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఒప్పందమే అన్యాయమైనదని ప్రకటించమని కోరాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. ఎక్కువ వసూలు, రసీదు ఇవ్వకపోవడం వంటివి జిల్లా కమిషన్ చూస్తుంది. న్యాయ సలహా కావాలంటే 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం అందించాలని 1987 చట్టం చెబుతున్నది. మన అక్కాచెల్లెళ్ళు దీన్ని ఉపయోగించుకోవాలి.

మూడు వందల కోసం ఇంత శ్రమ ఎందుకని అంటారు. ఒక్కరి కోసం కాదు. అదే గేటులో రోజుకు ఎంతమంది నిలబడతారో ఆలోచించండి. ఒంటరిగా రాయడం కష్టమైతే పదిమంది కలిసి సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టించండి. ‘మీ పరిధిలో పార్కింగ్ రుసుము వసూలుకు ఎవరికి అనుమతి ఇచ్చారు? రేటు ఎంత? జీవో 63 అమలుకు ఏ చర్యలు తీసుకున్నారు?’ అని మున్సిపల్ కార్పొరేషన్‌ను అడగండి. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. ఆ జవాబు చేతిలో ఉంటే గేటు దగ్గర గొంతు పెంచే అవసరమే రాదు.

మన పిల్లలు కొందరు చదువుల కోసం బ్రిటన్ వెళ్ళారు. వారి గురించి తల్లిదండ్రులు అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు చెబుతాము. అక్కడ ప్రైవేటు పార్కింగ్ కంపెనీలు ఇంటికే నోటీసు పంపుతాయి. స్థానిక కౌన్సిల్ పంపే దాన్నీ, కంపెనీ పంపే దాన్నీ ‘పీసీఎన్’ అనే పిలుస్తారు. కౌన్సిల్‌ది పెనాల్టీ, కంపెనీది ఒప్పందం కింద అడిగే చార్జీ. అందుకని దాన్ని చింపి పారేయకూడదు. 2015 నవంబరులో బ్రిటన్ సుప్రీం కోర్టు పార్కింగ్ ఐ కేసులో, బోర్డుల మీద స్పష్టంగా రాసి ఉన్న 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. నోటీసు అందగానే గడువు చూసుకొని కంపెనీకి అప్పీలు రాయాలి. తిరస్కరిస్తే ఆ కంపెనీ ఏ సంఘంలో సభ్యురాలో దాన్ని బట్టి పోప్లా లేదా ఐఏఎస్ అనే సంస్థకు వెళ్ళాలి. కోర్టు నుండి కాగితం వస్తే మాత్రం ఎన్నడూ ఊరుకోకూడదు. జవాబు ఇవ్వకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. దేశం మారితే చట్టం మారుతుంది, కాగితం చదివి గడువులోగా జవాబు రాయాలన్న నియమం మారదు.

చివరగా మన వైపు చూసుకుందాము. మన వాళ్ళ ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయి, దుకాణాలు ఉన్నాయి. బడాపహాడ్ వంటి జియారత్ స్థలాలకు వేలాది వాహనాలు వస్తాయి. ఎక్కడైనా వాహన రుసుము వేలం పాడినవారు మన వాళ్ళే అయితే, వారికీ ఇదే నియమం. రేటు బోర్డు పెట్టాలి, చీటీ ఇవ్వాలి, దూరం నుండి వచ్చిన పేదవాడి దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. ఇతరుల గేటులో మనం అడిగే న్యాయాన్ని మన గేటులో ఇవ్వలేకపోతే మన మాటకు బరువు ఉండదు.

బోధన్ చెరకు రైతులకు ఒక సంగతి గుర్తు చేసి ముగిస్తాము. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండి కాటా దిగగానే రైతు మొదట అడిగేది తూకం చీటీ. ఎంత ఆకలిగా ఉన్నా, ఎంత రాత్రయినా, చీటీ లేకుండా ఎడ్లను మళ్ళించేవాడు కాదు. చదువు రాని రైతు కూడా ఆ చీటీని తలపాగాలో భద్రంగా పెట్టుకునేవాడు. ఆ అలవాటునే మన పిల్లలు పార్కింగ్ గేటు దగ్గరికి తీసుకుపోవాలి.

ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులు, ఒక సోదరి ముందుకు వచ్చి, ఇలాంటి ఉత్తరాలు రాయలేని వారికి రాసిపెట్టే బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాము. నెలకు ఒక జుమా తరువాత ఒక గంట కూర్చుంటే చాలు. కాగితాలు, కలం మేము తెస్తాము. మీరు చీటీలు తీసుకొని రండి.